హోంగ్సికి వెచ్చని చోటు

అక్టోబరు 14, సోమవారం

హన్‌సోల్‌ను శిక్షణ శిబిరం గేటు దగ్గర దింపి ఇంటికి వచ్చాను. గుండు చేయించుకున్నాక వాడి చెవులు మరీ పెద్దవిగా కనిపించాయి. మిగతా అమ్మలూ అక్కలూ కళ్ళు తుడుచుకుంటుంటే నేను కారు తాళాలు వెతుక్కుంటున్నట్టు నటించాను. వాడు గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు. నన్ను పట్టుకుని ఏమైనా అంటాడనుకున్నాను.

"అక్కా, గొళ్ళేలు రెండూ పెట్టు. ఒకటి పెట్టి ఊరుకోకు. ఆ కాస్త సందు చాలు దానికి."

అంతే, లోపలికి వెళ్ళిపోయాడు. అమ్మానాన్నా పోయేనాటికి వాడికి తొమ్మిదేళ్ళు. అప్పటి నుంచి నానమ్మా నేనూ పెంచాం. తప్పనిసరి సేవకని ఏడాదిన్నర సైన్యంలో ఉండబోతూ వాడికి గుర్తొచ్చింది పాము పెట్టె గొళ్ళెం.

నాకేం బాధ లేదు. రాసి పెట్టుకుంటున్నానంతే.

అక్టోబరు 19

ఈ పాము విషం లేనిదే, కానీ నాకేమీ కాదు. వాడు వచ్చేదాకా పారిపోకుండా, చచ్చిపోకుండా చూస్తే నా పని అయిపోయినట్టే.

ఇవాళ వాడి గదంతా సర్ది చూశాను. నేల కింది వేడినీళ్ళ గొట్టం గోడలోకి వెళ్ళే చోట వేలు పట్టేంత కన్నం ఉంది, గుడ్డ కుక్కి టేపు వేశాను. బాత్రూం తూము మీద జల్లెడ మూత బిగించాను. గాజు పెట్టెను చెక్క బల్ల మీదే ఉంచాను, నేల వేడి తగలకుండా. పెట్టెలో ఒక పక్క వేడి పలక, దాని మీద పలచటి చెక్క. ఇవన్నీ వాడు నాకు చెప్పినవే. నాకు చెప్పేటప్పుడు వాడి నోట్లోంచి అన్ని మాటలు ఒకేసారి రావడం విని చాలా ఏళ్ళయింది.

ఆ పాము, వాడి హోంగ్సి, బయటికి తల పెట్టి నన్ను చూసింది. బాగా మాగిన హోంగ్సి పండు రంగే, పేరు దానికి తగ్గట్టే పెట్టాడు. నానమ్మ మాత్రం ఒప్పుకోదు.

"తినే పండు పేరు తీసుకెళ్ళి దానికి పెడతాడా? ఇంక ఈ ఏడు హోంగ్సి నా గొంతు దిగదు."

ఆవిడ ‘పాము’ అన్న మాట పలకదు. ‘ఆ పొడుగుది’ అంటుంది. ఆ గది ముందు నుంచి పోవాల్సి వస్తే గోడకు ఆనుకుని పోతుంది.

అక్టోబరు 27

నానమ్మ ఫ్రిజ్‌లో కింది ఫ్రీజర్ అరలో ఐస్‌క్రీం డబ్బా చూసి తెరిచింది. అందులో హోంగ్సికి పెట్టే ఎలుకలు, గడ్డకట్టి వరుసగా ఉన్నాయి. పొద్దున్నుంచీ నాతో మాట్లాడలేదు. సాయంత్రం ఒకే మాట అంది.

"మీ తాత ఉంటే ఈ ఫ్రిజ్‌ను వీధిలో పెట్టేవాడు."

నవంబరు 10

నేను పనిచేసే కొట్లో ప్యో గారికి పాము సంగతి తెలిసిపోయింది. వేర్లు తరిగే కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు.

"బోరమ్ అమ్మాయ్, మా మావయ్యకి చూపించకు. ఆయనైతే ఈపాటికి సారా సీసాలో దింపి, మోకాళ్ళ నొప్పులకి తాగేవాడు."

మందు వేర్ల కొట్లో పదేళ్ళుగా పనిచేస్తున్నాను, సీసాల్లో పాములు చాలానే చూశాను. ఇంటికి వచ్చాక ఎందుకో ముందు హన్‌సోల్ గదిలోకే వెళ్ళాను. పడుకుని ఉంది. గొళ్ళేలు రెండూ ఉన్నాయి.

నవంబరు 24, ఆదివారం

హన్‌సోల్ ఫోన్. వాడి గొంతు బాగా లేదు. తింటున్నావా అంటే ఊ. నిద్ర పడుతోందా అంటే ఊ. తోటివాళ్ళు బాగా చూస్తున్నారా అంటే ఏమీ అనలేదు. హోంగ్సి తింది, మొన్న పెట్టిన ఎలుకను ఒక్కసారికే పట్టింది అన్నాను. అప్పుడు మాట్లాడాడు. ఎటువైపు నుంచి పట్టింది, తర్వాత ఎక్కడ పడుకుంది, నీళ్ళ గిన్నెలోకి దిగిందా అని అడుగుతూనే ఉన్నాడు. చివర్లో అన్నాడు:

"అది అక్కడ బాగుందనుకుంటే నాకు ఇక్కడ రాత్రి గడిచిపోతోంది అక్కా."

అమ్మానాన్నా పోయాక వాడు బడిలోనూ ఇంట్లోనూ మాటలు మానేసిన రోజులు నాకు గుర్తే. పదిహేనో ఏట ఈ పామును తెచ్చుకున్నాక దానితో మాట్లాడటం మొదలుపెట్టాడు, తర్వాత మెల్లగా మాతో. ఈ జంతువుకు ఏమైనా అయితే వాడిని మళ్ళీ ఎలా బయటికి తేవాలో నాకు తెలియదు. భయంగా ఉంది. ఈ మాట ఇంకెవరితోనూ అనలేను.

డిసెంబరు 3

ఒకే రోజు రెండు సంగతులు.

హన్‌సోల్‌ను సరిహద్దుకు పంపుతారని నానమ్మ బెంగ పెట్టుకుంది. పంపలేదు. గంట దూరంలో ఉన్న యూనిట్‌లో వంటశాలలో వేశారు.

హోంగ్సి కుబుసం విడిచింది. మూతి నుంచి తోక దాకా ఎక్కడా చిరగలేదు. ఎదురింటి యోంగ్వోల్ అవ్వ ముల్లంగి ఇవ్వడానికి వచ్చి దాన్ని చూసింది. రెండు చేతులూ జోడించింది.

"చిరక్కుండా వదిలాడంటే మీ ఇంట్లో ఉండటానికి ఒప్పుకున్నట్టేనమ్మా. మా పుట్టింట్లో బియ్యం గాదె వెనక ఇలాంటివాడే ఉండేవాడు, ఇంటిని కాచుకునే ఆయన. ఆయన వెళ్ళిపోయిన ఏడే మా నాన్న పొలం పోగొట్టుకున్నాడు."

"మరి వీడు బజార్లో కొన్నవాడు కదా," అంది నానమ్మ.

"ఎక్కణ్ణుంచి వస్తేనేం, గడప దాటి లోపలికొచ్చాడు కదా. రాగానే కాకపోయినా, పిల్లాడికి మంచిచోటే ఇప్పించాడు చూడు."

నానమ్మ ముల్లంగి తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. రాత్రి భోజనాల దగ్గర "ఇంటాయన తిన్నాడా?" అని అడిగింది. ఎవరి గురించి అడుగుతోందో నాకు వెంటనే తట్టలేదు.

డిసెంబరు 21

ఏడాదిలో అతి పొడుగు రాత్రి. నానమ్మ ఎర్ర చిక్కుడుగింజల జావ కాచి, దయ్యాలు రాకుండా గుమ్మం దగ్గరా పెరట్లోనూ చిలకరించింది. హన్‌సోల్ గది దగ్గర మాత్రం చిలకరించలేదు. ఎర్రది చూస్తే ఇంటాయన బెదిరిపోతాడట. ఆయనకు విడిగా తెల్లజావ కాచి, గిన్నెలో పోసి, గాజు పెట్టె ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంది.

"తినడు నానమ్మా. ఎలుకలు తింటాడు."

"పెట్టడం మన వంతు. తినడం తినకపోవడం ఆయనిష్టం."

కాసేపయ్యాక నేను వెళ్ళి చూస్తే ఆవిడ నేల మీద కూర్చుని దానితో మాట్లాడుతోంది. పిల్లాడి ఊళ్ళో మంచు పడుతోందని, వాడికి గ్లవ్స్ పంపాలని చెబుతోంది. నవ్వొచ్చింది. ఎందుకో చాలా సంతోషంగా కూడా అనిపించింది.

డిసెంబరు 28, శనివారం



నాలుగు రోజులుగా విపరీతమైన చలి. నిన్న కొట్లో సరుకు దించాల్సి వచ్చి పొద్దుపోయాక వచ్చాను. హన్‌సోల్ గదిలో బల్ల మీద పెట్టె లేదు. నానమ్మ గదిలో ఉంది. బాయిలర్‌కు దగ్గరగా ఉండే మూల, ఈ ఇంట్లోకెల్లా వెచ్చని చోటు, తాతయ్య బతికున్నన్నాళ్ళూ ఆయన తప్ప ఎవరూ కూర్చోని చోటు. అక్కడ పెట్టెను నేల మీదే పెట్టి, పైన తన పట్టు దుప్పటి కప్పి, నేలకు వేడినిచ్చే బాయిలర్ ఎక్కువ చేసింది. యోంగ్వోల్ అవ్వ మనవణ్ణి పిలిచి మోయించిందట.

దుప్పటి తీసి గాజు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. హోంగ్సి అడుగుకు అంటుకున్నట్టు పడుకుని ఉంది. ఎత్తి చూశాను. కడుపు కింద పొలుసులు ఎర్రబడి, మధ్యలో ఒక చోట బుడగలా లేచాయి.

వోంజు పట్నంలో జంతువుల డాక్టరు ఇవాళ చూశాడు. పాముకి కడుపు కింద కాలుతున్నా పక్కకు జరగాలని తోచదట. ప్రాణానికి భయం లేదు, కాగితాలు పరిచి పొడిగా ఉంచండి, చలి తగలకూడదు, వేడికీ కాలకూడదు అని మందు రాసిచ్చాడు.

ఇంటికి వచ్చి నానమ్మను తిట్టాను. నిజంగానే తిట్టాను.

"చలిగా ఉంటే పెద్దవాళ్ళకి వెచ్చని చోటు ఇవ్వరా ఏంటే," అంది చిన్నగా. "నా చోటే ఇచ్చాను."

"నువ్వు ఇంక దాన్ని ముట్టుకోకు. దాని దగ్గరికి వెళ్ళనే వెళ్ళకు. వోంజులో పాములు అమ్మే షాపులో మాట్లాడాను, హన్‌సోల్ సెలవుకి వచ్చేదాకా అక్కడే ఉంచుతారు. నాలుగో తారీఖున తీసుకెళ్ళి ఇచ్చేస్తాను."

ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

జనవరి 4, శనివారం

పెట్టె ఖాళీగా ఉంది.

ఒక గొళ్ళెం ఊడి ఉంది. రాత్రి మందు రాసి మూత వేసింది నేనే. రెండూ పెట్టాననే అనుకున్నాను. పెట్టానా?

జనవరి 5

వాషింగ్ మెషిన్ లాగాను. ఫ్రిజ్ లాగాను. బట్టల బీరువా అడుగు పలక ఊడదీశాను. గొట్టం కన్నంలో గుడ్డ అలాగే ఉంది. తూము మూత అలాగే ఉంది. బయట మైనస్ పన్నెండు. బయటికి పోయి ఉంటే ఇంక ఆలోచించడానికేం లేదు.

నానమ్మ కూడా వెతికింది. పెరట్లో కట్టెల గది చూడమని రెండుసార్లు పంపింది. ఆ గదిలో నాకు దొరికింది పాత తొట్టి, మంచు.

"నేనే నానమ్మా. నేనే సరిగ్గా పెట్టలేదు."

"నువ్వు కాదులే," అంది. "నువ్వు పెట్టే ఉంటావు."

జనవరి 7

రాత్రి గుమ్మాల దగ్గర పలచగా పిండి చల్లాను, పాకితే గీత పడుతుందని. పొద్దున చూస్తే నానమ్మ అడుగులు తప్ప ఏమీ లేవు. వంటింట్లోకి వెళ్ళి, మళ్ళీ తన గదికి. ముసలివాళ్ళకు దాహం ఎక్కువ.

జనవరి 8

హన్‌సోల్ ఫోన్ చేశాడు. బాగుంది అన్నాను. ఫోటో పంపమన్నాడు. నవంబరులో తీసింది పంపాను.

ఇది అబద్ధం కాదు. నవంబరులో అది బాగానే ఉంది.

జనవరి 10

నానమ్మ మంచం పట్టినట్టే. గదిలోంచి రాదు, తలుపు వేసుకుని దుప్పటి కింద ముడుచుకుని ఉంటుంది. దూది చొక్కా విప్పదు. పక్క బట్టలు ఉతుకుతానంటే కసిరింది. ఇంటాయన పోయాడని దిగులు. యోంగ్వోల్ అవ్వ చెప్పిన మాట మనసులో పెట్టుకుని ఉంటుంది. ఆవిడకేం, చెప్పి వెళ్ళిపోయింది.

ఇంకోటి. తన గది నేల వేడి కట్టేసుకుంటోంది. నేను తిప్పుతాను, పని నుంచి వచ్చేసరికి మళ్ళీ కట్టేసి ఉంటుంది.

"గ్యాసు ఊరికే వస్తోందా? నాకు చాలు ఈ వేడి."

ఇంత చలిలో పిసినారితనం. దగ్గు మొదలైంది.

జనవరి 13

మళ్ళీ కట్టేసింది. పోట్లాడే ఓపిక లేక వదిలేశాను. చేపల పులుసు పెడితే సగం తింది. గిన్నెతో నీళ్ళు అడిగింది, గ్లాసులో వద్దట.

హన్‌సోల్‌కు సెలవు ఇచ్చారు. ఇరవై ఒకటిన వస్తున్నాడు.

జనవరి 14

ప్యో గారికి చెప్పేశాను. ఎవరితోనైనా చెప్పకపోతే ఊపిరాడేలా లేదు. ఆయన వేళాకోళం చెయ్యలేదు. కాసేపు వేర్లు తరిగి అన్నాడు:

"అలాంటిదే ఇంకోటి తెచ్చి పెట్టు. పాముల మొహాలు ఎవరు గుర్తుపడతారమ్మా?"

అలాంటి పని నేను చెయ్యను.

జనవరి 16, గురువారం

వోంజు వెళ్ళి తెచ్చాను. అదే రంగు, అదే పొడవు, మెడ మీద మచ్చలు కూడా దాదాపు అవే. షాపు కుర్రాడు పేరేం పెడతారని అడిగితే పేరు ఉంది అన్నాను.

హన్‌సోల్ కోసమే ఇది. నాలుగు రోజుల సెలవు. సంతోషంగా వచ్చి సంతోషంగా వెళ్తాడు. సైన్యం అయిపోయాక, మనసు గట్టిపడ్డాక చెబుతాను. నానమ్మ కోసం కూడా. లేచి తిరుగుతుంది.

ముందు నానమ్మకే చూపించాను. కడుపు భాగం కనపడకుండా చేతికి చుట్టుకుని ఆవిడ గది తలుపు తెరిచాను.

"నానమ్మా, దొరికాడు. వాషింగ్ మెషిన్ వెనకే ఉన్నాడు."

ఆవిడ దుప్పటి గుండెల దాకా లాక్కుని మెల్లగా లేచి కూర్చుంది. పామును చూసింది. తర్వాత నన్ను చూసింది, చాలాసేపు.

"దొరికాడా," అంది.

"దొరికాడు."

"పాపం, చిక్కిపోయాడు." దగ్గింది. "మంచిదేలే. నువ్వు కూడా చిక్కిపోయావు, వెళ్ళి ఏదైనా తిను."

నమ్మింది. ఎంత తేలికైందో చెప్పలేను. వంటింట్లో నిలబడి రెండు గిన్నెల అన్నం తిన్నాను.

జనవరి 18

నానమ్మ ఇంకా లేవలేదు. దగ్గు తగ్గలేదు. హాస్పిటల్‌కు రమ్మంటే హన్‌సోల్ వచ్చి వెళ్ళాక చూద్దామంటుంది. దొరికాక కూడా దిగులెందుకో.

కొత్తది నా చేతి మీదికి ఎక్కదు. ఎక్కకపోతే పోనీ.

జనవరి 21, మంగళవారం

వరుసగా రాయాలి. లేకపోతే రేపటికి నా ఇష్టం వచ్చినట్టు మార్చుకుంటాను.

మధ్యాహ్నం వచ్చాడు. బుగ్గలు కాస్త నిండాయి, వంటశాల తిండి. పక్కటెముకల కూర పొయ్యి మీద ఉంది. వాడు బూట్లు విప్పాడు, నానమ్మ గది తలుపు దగ్గర వంగి దణ్ణం పెట్టాడు, తిన్నగా తన గదిలోకి వెళ్ళాడు. నేను గరిటె పట్టుకుని వెనకే వెళ్ళాను.

గొళ్ళేలు రెండూ తీశాడు. చెయ్యి లోపల పెట్టి అలాగే ఉంచాడు. పాము వెనక్కి జరిగింది. వాడు ఎత్తి తీసుకున్నాడు, కడుపు తిప్పి చూడలేదు, ఏమీ చూడలేదు. తన చొక్కా చేతి దగ్గర దాని తల పెట్టి ఆగాడు. హోంగ్సి ఎప్పుడూ దూరినట్టు అది చొక్కా చేతి చివర నుంచి లోపలికి దూరలేదు. పక్కకు తిరిగి పోవాలని చూసింది.

"అక్కా," అన్నాడు. "ఇది హోంగ్సి కాదు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను ఏదో ఒకటి అనేదాన్ని. చలికాలం కదా, చాలా రోజులైంది కదా, నిన్ను మర్చిపోయిందేమో... అన్నీ నోటి దాకా వచ్చాయి. వాడి ముఖం చిన్నప్పటి ముఖంలా అయిపోతోంది. నా కళ్ళ ముందే మూసుకుపోతోంది.

"హోంగ్సి ఎక్కడక్కా?"

అప్పుడు నానమ్మ గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. పది రోజులకు పైగా గదిలోంచి రాని మనిషి. ముఖం పాలిపోయి ఉంది.

"మీ అక్కని ఏమీ అనకురా. దానికి తెలీదు."

అని గుమ్మంలోనే కూలబడి దూది చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పింది. వేళ్ళు చలికి కొంకర్లు పోయి గుండీలు జారిపోతున్నాయి. లోపల రొమ్ముకూ చొక్కాకూ మధ్య మెత్తటి గుడ్డ సంచి, దాని మూతి దారంతో కట్టి ఉంది. దారం లాగింది. మాగిన పండు రంగు తల బయటికి వచ్చి నాలుక ఆడించింది. హన్‌సోల్ చెయ్యి చాచాడు. అది ఆవిడ వేళ్ళ మీదుగా వాడి చేతి మీదికి వచ్చి, చొక్కా చేతిలోకి దూరి, మోచేతి దాకా వెళ్ళి ఆగింది.

హన్‌సోల్ ఏడ్చాడు. గేటు దగ్గర ఏడవనివాడు అక్కడ కూర్చుని ఏడ్చాడు.

"నువ్వు తీసుకెళ్ళి ఎవరికో ఇచ్చేస్తానన్నావు," అంది నానమ్మ నాతో. "కాల్చింది నేను. నయం చెయ్యాల్సింది నేను కాదూ? రాత్రి బుట్టలో పెట్టి పక్కలో పెట్టుకున్నా. పగలు ఇక్కడ. రోజూ మందు రాశా. చూడు, మళ్ళీ కుబుసం విడిచాడు, మచ్చ పోతోంది."

హన్‌సోల్ కడుపు తిప్పి చూశాడు. బుడగ లేచిన చోట కొత్త పొలుసులు, కాస్త తెల్లగా.

నేను ఆవిడ గదిలోకి వెళ్ళాను. నేల మీద చెయ్యి పెట్టాను. ఐసులా ఉంది. కాలిన కడుపుకు మళ్ళీ నేల వేడి తగలకూడదని ఇన్నాళ్ళూ ఈ నేల మీద పడుకుంది. దానికి కావలసిన వెచ్చదనం తన ఒంట్లోంచి ఇచ్చింది. నేను దాన్ని పిసినారితనం అనుకున్నాను. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి, పాము అన్న మాట కూడా పలకలేని మనిషి.

"మరి నేను ఆ రెండోదాన్ని తెచ్చి చూపించినప్పుడు ఎందుకు చెప్పలేదు నానమ్మా?"

ఆవిడ గుండీలు పెట్టుకుంటోంది. తలెత్తలేదు.

"చెబుదామనే అనుకున్నా. కానీ నువ్వు అంత సంబరంగా నిలబడ్డావు. ఎన్నాళ్ళకో నవ్వావు. కాదని ఎలా చెప్పనే?"

కూర మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

జనవరి 22

నానమ్మను హాస్పిటల్‌కు తీసుకెళ్ళాం. ఛాతీలో నెమ్ము చేరింది, మందులు వాడితే తగ్గుతుందన్నారు. ఇన్నాళ్ళు చల్లటి నేల మీద ఎవరు పడుకోబెట్టారని డాక్టరు నన్నే అడిగాడు. ‘నేనే’ అన్నాను. నానమ్మ కాదనబోతే చెయ్యి నొక్కాను.

"ముట్టుకోవద్దన్నాను కదా ఆ రోజు," అన్నాను కారులో. "ఆ మాట అనాల్సింది కాదు."

"అన్నావులే. నాకూ కోపం వచ్చింది. అందుకేగా ఎత్తుకుపోయాను."

హన్‌సోల్ వెనక సీట్లోంచి నవ్వాడు. రెండోదాన్ని ఏం చేద్దామని అడిగాను. వాపసు ఇవ్వొద్దన్నాడు, ఇంకో పెట్టె తానే కొనుక్కొస్తానన్నాడు, దానికి నా పేరు పెడతాడట. పెట్టనివ్వను.

సాయంత్రం నానమ్మ గది నేల వేడి నేనే తిప్పాను. ఈసారి ఎవరూ కట్టేయలేదు. నా పక్క ఆవిడ పక్కన పరిచాను, హన్‌సోల్ గోడ వైపు. హోంగ్సి వాడి గదిలో బల్ల మీద ఉంది, గొళ్ళేలు రెండూ వాడే పెట్టి వచ్చాడు. నేల ఇంకా పూర్తిగా వేడెక్కలేదు. నానమ్మ పాదాలు తగిలితే ఉలిక్కిపడ్డాను, అంత చల్లగా ఉన్నాయి. ఆవిడ వెనక్కి లాక్కోబోయింది. లాక్కోనివ్వలేదు. నా కాళ్ళ మధ్య పెట్టుకుని ఇది రాస్తున్నాను.